పదిహేడు వరసలు

ఆమెను అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆమె భర్తే. ఆయన టైల్స్ మేస్త్రి. ఆయన పరుచుకుంటూ పోయిన నేల మీద వెనకాలే ఆమె మోకాళ్ళ మీద పాకుతూ, టైల్‌కీ టైల్‌కీ మధ్య సందుల్లో తెల్ల సిమెంటు నింపి, తడిగుడ్డతో తుడుచుకుంటూ వస్తుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి ఎత్తు తేడా కనిపిస్తే వేలితో తట్టి చూపిస్తుంది.

"ఇది మేస్త్రి పెట్టిందేనా, దానంతటది నడిచొచ్చి కూర్చుందా?"

"అబ్బా, వచ్చేసిందండీ ఇన్‌స్పెక్టరమ్మ! ఇక ఈ పూటకి అన్నం తిన్నట్టే" అంటూ ఆయన ఆ టైల్ లేపి మళ్ళీ కూర్చోబెట్టేవాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరి మధ్య ఇదే సరసం. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ పేరు ఆమెకి అలా అతుక్కుపోయింది.

లెక్కలన్నీ ఆయనవి, మోకాళ్ళ పని ఆమెది. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న పంపకం అది. ఆమెకు కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు. ఎక్కాలు అయిదో ఎక్కం దగ్గర ఆగిపోయాయి. ఆయనా పెద్దగా చదువుకున్నవాడు కాదు. కానీ గుమ్మంలో నిలబడి గదిని ఒకసారి కళ్ళతో కొలిచాడంటే ఎన్ని టైల్స్ పడతాయో చెప్పేసేవాడు. ఇంజనీర్లు కాగితం మీద గీసి, చెరిపి, మళ్ళీ గీసేలోపు ఈయన మాట నోట్లోంచి బయటపడేది. ఒకటో రెండో తేడా వస్తే అది విరుగుళ్ళ కింద పోయేది. లెక్క తప్పి మిగిలిన టైల్ ఒక్కటి కూడా ఎవరి ఇంటి వసారాలోనూ పడి ఉండేది కాదు.

వాళ్ళ సొంత ఇంటి నేల మాత్రం ఊరందరిదీ. వంద ఇళ్ళలో కోసిన అంచులూ, మారిపోయిన రంగులూ, ఎవరూ అక్కర్లేదన్న ముక్కలూ తెచ్చి వంటింట్లో పరిచాడు. పొయ్యి దగ్గర డాక్టరు గారి ఆకుపచ్చ, సింకు కింద బ్యాంకు వాళ్ళ బూడిద రంగు, తలుపు దగ్గర ఎవరిదో పూజగది తెలుపు. ఏ రెండూ ఒకలాంటివి కావు. అయినా కాలికి ఎక్కడా అంచు తగలదు.

ఆ శనివారం మధ్యాహ్నం బడి వెనక పెరట్లో ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఎదురుగా టైల్స్ పరిచే చోటికి హద్దుగా కట్టిన దారం వంక చూస్తోంది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో చెప్పలేకపోతోంది.

ఎనిమిదేళ్ళ కిందట ఈ బడికే వాళ్ళు ముందు వాకిట్లో ఒక చదరం పరిచారు. అడుగు టైల్స్, పక్కకి పన్నెండు, అటూ పన్నెండు. పొద్దున్న పిల్లలంతా వచ్చి టైల్‌కి ఒకరు చొప్పున కూర్చుంటారు. నూట నలభై నాలుగు టైల్స్, నూట నలభై నాలుగు మంది పిల్లలు. ఆ ఆలోచన పెద్ద టీచరమ్మది. ఎవరి టైల్ వాళ్ళదే కాబట్టి తోపులాట లేదు, జడలు లాగటం లేదు. ఇప్పుడు ఆ చదరం మీద కొత్త గదులు లేస్తున్నాయి. బడి పెరిగింది.

"పిల్లలు సరిగ్గా రెట్టింపయ్యారు మేస్త్రిగారూ" అంది పెద్ద టీచరమ్మ గురువారం నాడు. "వెనక సిమెంటు పెరడు ఖాళీగానే ఉందిగా. అక్కడ పాతదానికి రెట్టింపుది పరిచిపెట్టండి. ముక్కలుగా వద్దు, ఒక్కటే చదరం. మిగతా పెరడు ఆడుకోవటానికి వదిలెయ్యండి."

"రెట్టింపే కదా" అన్నాడు మేస్త్రి. అక్కడే నిలబడి టైల్స్ కొట్టుకి ఫోన్ చేశాడు. శనివారం ట్రాలీ వచ్చి పెట్టెలు దించి వెళ్ళింది. ఆయన మేకులు కొట్టి దారం కట్టాడు. కట్టి, టీ తాగొస్తానని గేటు దాకా వెళ్ళాడు.

ఆమె దారం చుట్టూ ఒకసారి నడిచింది. తర్వాత లోపల అడ్డంగా నడిచింది. అప్పుడు చెప్పాయి మోకాళ్ళు. పాత చదరాన్ని తుడవడానికి ఆమెకు ఒక రోజూ ఒక పూటా పట్టింది. దానికి రెట్టింపంటే మూడు రోజులు. కానీ ఈ దారం లోపల నేల మూడు రోజులది కాదు, వారం రోజులది. వంచిన నడుముకి, అరిగిన మోకాలిచిప్పలకి ఎవరూ ఎక్కాలు నేర్పక్కర్లేదు. దారం పెరడంతా మింగేసి, అవతల నీళ్ళ కుళాయి గట్టుకి తగులుతోంది. ఇక ఆడుకోవటానికి మిగిలేదేమిటి?

గోడవారగా పేర్చిన పెట్టెలు లెక్కపెట్టింది. నలభై ఎనిమిది. పాతదానికి వచ్చినవి పన్నెండే. పెట్టెకి పన్నెండు టైల్స్, అప్పుడూ ఇప్పుడూ అదే. పన్నెండు పెట్టెలకి రెట్టింపు ఇరవై నాలుగు అవుతాయి గానీ నలభై ఎనిమిది ఎలా అవుతాయి? ఈ మాత్రం లెక్క ఆమెకూ తెలుసు.

ఆయన తిరిగొచ్చాక మెల్లగా అంది. "మేస్త్రీ, దారం పెద్దదయినట్టుంది."

"పెద్దదే. రెట్టింపు అడిగారుగా."

"రెట్టింపు కంటే పెద్దది."

"పాతది పన్నెండు అడుగులు. పన్నెండుకి రెట్టింపెంత? ఇరవై నాలుగు. ఇరవై నాలుగు ఇరవై నాలుగులు అయిదు వందల డెబ్భై ఆరు. తెప్పించాను. ఇంకేమిటి?"

నోటిలెక్కలో తడుముకోలేదు. తడుముకుని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. పక్కని రెట్టింపు చేస్తే నేల నాలుగింతలు అవుతుందని ఎంతమందికి చెప్పాడు ఈయన! కిందటేడు ఒక కుర్ర ఇంజనీరు ఇదే తప్పు చేస్తే, "సారూ, ఒక గది అడిగి నాలుగు గదులు కట్టించుకుంటారా?" అని సాయంత్రం దాకా ఆటపట్టించాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా తలుచుకుని నవ్వాడు.

"పాతదానికి పన్నెండు పెట్టెలేగా వచ్చినవి" అంది ఆమె.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు లెక్కలెప్పుడొచ్చాయి? తుడిచేదానివి తుడువు! మేస్త్రివి నువ్వా నేనా?"

ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మాట అనలేదు. ఇంతకంటే కష్టమైన రోజుల్లో కూడా అనలేదు. అన్నాక ఆయనే తన గొంతు తనదేనా అన్నట్టు చూసి, టేపు చుట్టేసి గేటు వైపు నడిచాడు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వేసవిలో రబ్బరు సుత్తి పేరు తట్టక, "అదే, ఆ కొట్టేది... అబ్బా, ఆ కొట్టేది ఇటివ్వు" అన్నాడు. ఎండ అనుకుంది. ఒకే అంచు ముక్కని రెండుసార్లు కొలిచి రెండుసార్లు కోశాడు. కళ్ళద్దాలు మార్చాలి అనుకుంది. పదిహేనేళ్ళుగా వెళ్తున్న టైల్స్ కొట్టుకి వెళ్తూ మలుపు దాటి ముందుకు వెళ్ళిపోయాడు. ధ్యాసలో లేడు అనుకుంది. ఇన్నాళ్ళూ ప్రతిదానికీ ఏదో ఒక సాకు దొరికింది. ఇవాళ కట్టిన దారానికి ఏ సాకూ దొరకలేదు.

ఊళ్ళో ఆయన్ని పిలిచేదే ఆయన లెక్క కోసం. టైల్ పరిచేవాళ్ళు వీధికి నలుగురున్నారు. మేస్త్రికి లెక్క తప్పిందట అన్న మాట ఒక్కసారి బయటికొస్తే ఇక ఎవరూ పిలవరు. అంతకన్నా, ఆ మాట ఆయన చెవిన పడితే? రేపు పొద్దున్న ఆయన పనిలోకి వచ్చేలోపు దారం సరిగ్గా ఉండాలి. ఎవరికీ తెలియకూడదు. ఆయనకి అసలే తెలియకూడదు.

ఇంటికి రాగానే ఆయన చెప్పులతోనే మంచం మీద వాలి నిద్రపోయాడు. ఆమె పెరటి గుమ్మంలో నిలబడి టైల్స్ కొట్టుకి ఫోన్ చేసింది.

"మేస్త్రి లెక్క తప్పాడా?" కొట్టు అతను పకపకా నవ్వాడు. "ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు వదినా?"

"ఆయన లెక్కకేం? బడివాళ్ళే మనసు మార్చుకున్నారు. సగం పెట్టెలు వెనక్కి పంపుతాం. ఇరవై నాలుగు."

"మేస్త్రి చెప్పాడా?"

"మేస్త్రి చెప్పబట్టే చేశాను" అంది. ఆయన పేరు మీద ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

పెట్టెల సంగతి తేలింది. దారం సంగతే తేలలేదు. పెట్టెలు సగం చేస్తే దారమూ సగం చేస్తే పోతుందనుకుంది మొదట. ఇరవై నాలుగులో సగం పన్నెండు. పన్నెండడుగులంటే పాత చదరమే. దానికి పన్నెండు పెట్టెలు చాలు, ఇంకో పన్నెండు ఊరికే పడి ఉంటాయి. పన్నెండు చాలదు, ఇరవై నాలుగు ఎక్కువ. పోనీ మధ్యలో పద్దెనిమిది? పద్దెనిమిదికి ఎన్ని టైల్స్ పడతాయో లెక్క కట్టాలంటే ఆమె వేళ్ళు చాలవు. తల పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది.

సాయంత్రం కూతురు వచ్చింది. రెండు వీధుల అవతల మందుల కొట్టులో పని చేస్తుంది ఆ పిల్ల. పని దిగి అత్తారింటికి వెళ్ళేముందు రోజూ ఒకసారి తొంగి చూసి పోతుంది.

"ఏమ్మా, మొహం అలా పెట్టావు? నాన్నతో గొడవా?"

"మెల్లగా మాట్లాడు, పడుకున్నాడు." గొంతు తగ్గించి దారం సంగతంతా చెప్పింది.

కూతురు సంచి భుజం మీంచి దించి, తల్లి పక్కనే గడప మీద కూర్చుంది. "నాన్న? నాన్న ఈ తప్పు చేశాడా?"

"తప్పు కాదు. ధ్యాస ఎక్కడో ఉంది."

"అమ్మా, ఇలాంటివాళ్ళకి మందులు రోజూ నా చేత్తోనే ఇస్తుంటాను. ఇంట్లోవాళ్ళంతా వచ్చి నువ్వన్న మాటే అంటారు."

"నీ మందుల సంగతి తర్వాత. ముందు దారం ఎంత కట్టాలో చెప్పు."

కూతురు ఫోన్ తీసి నొక్కింది. "పదహారు పాయింటు తొమ్మిది ఏడు."

"పాయింటు తొమ్మిదిని నేల మీద ఎలా పరవనే?"

"చివర టైల్ కాస్త కోసి..."

"చదరం అంచున కోసిన ముక్క వేస్తే ఆ నేల మీ నాన్నది అంటారా ఎవరైనా?"

కూతురు నవ్వబోయి ఆగింది. కాసేపు ఆలోచించి లేచి, సింకు కిందున్న గోనెసంచి బయటికి లాగింది. అందులో బొటనవేలి గోరంత మొజాయిక్ ముక్కలున్నాయి. ఏ స్నానాలగది గోడకో వేయగా మిగిలినవి. "నేను ఆరో తరగతిలో వర్గమూలాలు రావటం లేదని ఏడుస్తుంటే నాన్న వీటితోనే నేర్పాడు. నీకు గుర్తుందా?"

"మీరిద్దరూ నేలంతా చిందరవందర చేసేవాళ్ళు. ఎత్తింది నేను. అది గుర్తుంది."

"ఇలా కూర్చో." కూతురు బ్యాంకు వాళ్ళ బూడిద రంగు టైల్ మీద ఒక ముక్క పెట్టింది. "ఇది ఒకటి. చిన్న చదరం. దీన్ని ఇంకొంచెం పెద్ద చదరం చేయాలంటే ఎన్ని పెట్టాలి?"

ఆమె ఒకటి పక్కన, ఒకటి పైన, ఒకటి మూలలో పెట్టింది. "మూడు."

"మొత్తం నాలుగు. రెండేసి చొప్పున రెండు వరసలు. రెండుకి వర్గం నాలుగు. నాలుగుకి వర్గమూలం రెండు. వర్గం అంటే పక్క చెప్తే ముక్కలెన్నో చెప్పటం. మూలం అంటే ముక్కలు చెప్తే పక్క ఎంతో పట్టుకోవటం. మొదటిది తేలిక, రెండోది కష్టం. నీకు కావలసింది ఇప్పుడు రెండోది. సరే, ఇంకా పెద్దది చెయ్యి."

ఆమె మళ్ళీ రెండు వైపులా పేర్చి మూలలో ఒకటి పెట్టింది. అయిదు పట్టాయి. ఆ తర్వాత ఏడు. ఆ తర్వాత తొమ్మిది. ముక్కలు పెడుతుంటే చేతికి ఏదో తెలిసొస్తున్నట్టనిపించింది. ఆగి, పేర్చినదాని వంక తేరిపార చూసింది.

"ప్రతిసారీ రెండే పెరుగుతున్నాయే!"

"ఎందుకంటావు?"

"ఎందుకేముంది? అటు చెయ్యి ఒక ముక్క పొడుగైంది, ఇటు చెయ్యి ఒక ముక్క పొడుగైంది. రెండేగా." చెప్పి తనే ఆశ్చర్యపోయింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, వంటింట్లో గొంతుక్కూర్చుని, ఇన్నేళ్ళూ తను తుడిచిన నేలల లోపల ఏముందో మొదటిసారి చూస్తున్నట్టుంది. ఇంత తేలికైనదాన్ని ఇన్నాళ్ళూ ఆయనకే ఎందుకు వదిలేసింది? అడిగితే చెప్పేవాడు. అడగలేదు. అడగవలసిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?

"పాతది పన్నెండు కదా, అక్కణ్ణుంచి మొదలుపెడదాం" అంది కూతురు. ఇద్దరూ కలిసి పన్నెండేసి చొప్పున పన్నెండు వరసలు పేర్చారు. నూట నలభై నాలుగు. తర్వాత ఇంకో నూట నలభై నాలుగు ముక్కలు పదేసి కుప్పలుగా లెక్కపెట్టి, పైన మిగిలిన నాలుగూ విడిగా పెట్టుకున్నారు. అవి కొత్త పిల్లలు.

"రెండు వైపులా కలిపి మొదటి వరసకి ఇరవై అయిదు పడతాయి" అంది కూతురు. "పన్నెండు, పన్నెండు, మూలకి ఒకటి."

ఆమె పేర్చింది. పదమూడు వరసల చదరమైంది. తర్వాతి దానికి ఇరవై ఏడు. తర్వాత ఇరవై తొమ్మిది. కూతురు చెప్పకముందే ఆమె చెబుతోంది. తర్వాత ముప్ఫై ఒకటి. పదహారు వరసలు. కుప్పలన్నీ అయిపోతూ వచ్చాయి. మిగిలిన ముక్కలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు.

"ముప్ఫై మూడు కావాలి" అంది.

"పేర్చు చూద్దాం."

పేర్చింది. రెండు వైపులా నిండాయి. చిట్టచివర మూల ఒక్కటి ఖాళీగా మిగిలింది.

"ఒక్కటి తక్కువ" అన్నారు తల్లీ కూతురూ ఒకేసారి.

వెనక నుంచి దగ్గు వినిపించింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టు రేగి ఉంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆమె ముక్కల మీద కొంగు కప్పేద్దామా అన్నంత కంగారు పడింది.

ఆయన లోపలికొచ్చి, పేర్చినదాని వంక చూసి, వంగి, సంచిలోంచి ఒక ముక్క తీసి ఖాళీ మూలలో పెట్టాడు. బొటనవేలితో అంచు సర్ది, అరచేత్తో ఒకసారి పైన నిమిరాడు. ఎత్తుపల్లం లేదని చూసుకున్నాడు.

"ఒకటి మర్చిపోయారు" అన్నాడు.

కూతురు కళ్ళు మెరిశాయి. "నాన్నా, పక్కకి ఎన్ని ఉన్నాయి?"

ఆమె కూతురి చెయ్యి నొక్కింది, వద్దన్నట్టు. కూతురు ఆగలేదు. "చెప్పు నాన్నా. నువ్వు చూడగానే చెప్పేవాడివిగా."

ఆయన చూశాడు. చూడగానే చెప్పలేదు. చూపుడు వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిది దాకా వెళ్ళి ఆగి, మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి పదకొండు దాకా వెళ్ళాడు. వేలు ఆగిపోయింది. ఆ వేలు కిందున్న ముక్క ఎన్నోదో వేలికే తెలియనట్టు దాని వంక చూశాడు. మూడోసారి మొదలుపెట్టి వదిలేశాడు.

"మీరే లెక్కపెట్టుకోండి. నాకు మెడ పట్టేసింది" అని కుండలో నీళ్ళు ముంచుకు తాగి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

కూతురు ముఖం తిప్పుకుని ముక్కలు సంచిలోకి ఎత్తుతోంది. ఈసారి చిందరవందర ఎత్తే పని తల్లికి పెట్టలేదు.

"సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం అమ్మా."

"ఈ నేల అవనీ."

"నేల ఎటూ పోదు."

"ఆయన పేరుతో ఒప్పుకున్న నేల అది. ఆయన పేరుతోనే అవ్వాలి. తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాం" అంది. మళ్ళీ ఫోన్ తీసి, వెనక్కి తీసుకెళ్ళాల్సినవి ఇరవై రెండు పెట్టెలేనని కొట్టు అతనికి చెప్పింది. ఒక టైల్ కోసం ఒక పెట్టె, విరుగుళ్ళకి ఇంకో పెట్టె.

ఆదివారం తెల్లవారగానే తల్లీ కూతుళ్ళు బడికి వెళ్ళారు. కాపలా అతను గేటు తీశాడు. ఆయన కట్టిన మేకుల్లో మూడు పీకేశారు. నాలుగోది, కుళాయికి ఎదురుమూలన ఉన్నది, ఆమె ముట్టుకోనివ్వలేదు. "మూల ఆయన కట్టిందే. ఆయన కట్టిన మూల వంకర ఉండదు" అంది. ఆ మూల నుంచి సందులు వదులుతూ పదిహేడు టైల్స్ వరసగా పేర్చి, చివర సుద్దతో గీత గీసి, మేకు కొట్టింది. రెండో వైపూ, నాలుగో మూలా అంతే. దారం కట్టి, మూల నుంచి మూలకి ఏటవాలుగా రెండు వైపులా కొలిచి, రెండూ సమానమని చూసుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ దారం రెండో కొస పట్టుకున్నది ఆమే. ఎప్పుడూ కొస పట్టుకోవటమే. ఇవాళ మొదటి కొస.

ఇరవై రెండు పెట్టెలూ ట్రాలీ ఎక్కించి పంపేసరికి పొద్దెక్కింది. కూతురు పనికి వెళ్ళిపోయింది. మేస్త్రి టీ తాగి, భుజాన సంచితో, గేటులోంచి వచ్చాడు.

ఆమె దగ్గర రెండు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. పెద్ద టీచరమ్మ పెరడు వదలమని మళ్ళీ కబురు చేసిందని ఒకటి. అది చెల్లకపోతే, కాపలా అతను దారం తెంపేస్తే తను తెలియక ఇలా కట్టానని రెండోది. కోప్పడితే పడనీ, తిడితే తిట్టనీ అనుకుంది.

ఆయన దారం వెంట నడిచాడు. వంగి వేలితో దారాన్ని మీటాడు.

"బిగువుగానే ఉంది. ఎవరు కట్టారు?"

"నిన్న నువ్వే కట్టావుగా."

"నేనే కట్టానా?"

"నువ్వే."

"ఓహో" అన్నాడు. చుట్టూ చూసి తల ఊపాడు. "బాగానే కట్టాను."

అంతే. సంచి దించి, రసమట్టం తీసి, నేల మీద పెట్టి, గాజులో బుడగ నిలిచేదాకా చూస్తూ కూర్చున్నాడు. గోడవారన సగం ఖాళీ అయిన చోటు వంక కూడా చూడలేదు. రెండు అబద్ధాల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఆయన కోప్పడతాడని రాత్రంతా భయపడింది. ఇప్పుడు కోప్పడనందుకే భయం వేసింది. వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లిపోతున్నా అలాగే నిలబడింది. నీళ్ళ చప్పుడులో ముక్కు చీదినా ఆయనకు వినపడదు.

పని మొదలయ్యాక మాత్రం ఆయన పాత మేస్త్రే. సిమెంటు పరిచి, తాపీతో దువ్వెన గీతలు గీసి, టైల్ రెండు చేతులా పట్టుకుని దించి, కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జరిపి, రబ్బరు సుత్తితో మూడు దెబ్బలు వేస్తుంటే చూడముచ్చటగా ఉంది. ఒక వరస అయింది. రెండో వరస మొదలుపెడుతూ అడిగాడు.

"వరసకి ఎన్ని?"

"పదిహేడు."

రెండో వరస మధ్యలో మళ్ళీ అడిగాడు. "ఎన్ని అన్నావు?"

"పదిహేడు మేస్త్రీ."

మూడో వరసకీ అడిగాడు, నాలుగో వరసకీ అడిగాడు. అడిగిన ప్రతిసారీ మొదటిసారి అడుగుతున్నట్టే అడిగాడు. ఆమె కూడా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పింది.

మధ్యాహ్నం కావస్తుండగా పెద్ద టీచరమ్మ వచ్చింది. సెలవు రోజయినా పని చూసుకుందామని గొడుగు వేసుకుని వచ్చింది. పరిచిన వరసలు చూసి ముఖం విప్పారింది.

"అబ్బ! పాతదానికంటే నున్నగా వచ్చింది. ఆడుకోవటానికీ బోలెడంత చోటు మిగిలింది. పక్కకి ఎన్ని వచ్చాయి మేస్త్రిగారూ?"

ఇన్‌స్పెక్టరమ్మ చేతిలోని తడిగుడ్డ ఆగిపోయింది. తను చెబుదామని నోరు తెరిచేలోపు ఆయన నడుం నిటారు చేసి, సుత్తి పక్కన పెట్టి, గర్వంగా చెప్పాడు.

"ఇరవై నాలుగు టీచరమ్మా. పాతది పన్నెండు, ఇది ఇరవై నాలుగు. రెట్టింపు."

పెద్ద టీచరమ్మ నవ్వింది. ఆయన ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడేవాడే కాబట్టి నవ్వింది. ఆయన తిరిగి నవ్వలేదు. ఇంకేమైనా అడుగుతుందా అన్నట్టు మర్యాదగా చూస్తున్నాడు. టీచరమ్మ నవ్వు పెదాల మీదే ఆరిపోయింది. చూపు నేల మీదికి దిగింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెప్పిన కళ్ళు అవి. వరస వెంట ఒక్కొక్క టైల్ దాటుకుంటూ వెళ్ళాయి. చివరికి చేరి, కాసేపు అక్కడే ఆగి, ఇన్‌స్పెక్టరమ్మ ముఖం మీదికి వచ్చాయి.

ఇన్‌స్పెక్టరమ్మ తల దించుకోలేదు. దించుకుంటే ఒప్పుకున్నట్టవుతుందనుకుంది. కానీ కళ్ళు ఆమె మాట వినలేదు, నిండిపోయాయి.

"అవును మేస్త్రిగారూ, రెట్టింపే" అంది పెద్ద టీచరమ్మ. "సరిగ్గా నేను అడిగినట్టే వచ్చింది."

ఆయన తృప్తిగా మళ్ళీ వంగి సిమెంటు కలుపుకున్నాడు. పెద్ద టీచరమ్మ గొడుగు మడిచి, చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, చీర కుచ్చిళ్ళు తడవకుండా పట్టుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. చాలా మెల్లగా అడిగింది.

"ఎప్పట్నుంచమ్మా?"

ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతి ఒక్క పూట కూడా దాగలేదు. ఏ సాకు చెప్పాలో వెతుక్కుంది. ఎండ, కళ్ళద్దాలు, ధ్యాస.

"చేతులు బాగానే ఉన్నాయండీ" అంది. "చూడండి, చేతులకేమీ కాలేదు."

ఇద్దరూ చూశారు. ఆయన అయిదో వరస మొదటి టైల్ దించి, ముందుకీ వెనక్కీ జరిపి, మూడు దెబ్బలు వేశాడు. రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. పెద్ద టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. "వరసకి ఎన్ని?"

"పదిహేడు" అంది ఆమె. గుడ్డ పిండి, నాలుగో వరస సందులు తుడవటానికి ముందుకు జరిగింది.